లెక్కకు లొంగని గణాంకవేత్త

తెల్లాపూరును కేంద్రముగా గొని 25 కిలోమీటర్ల వ్యాసార్ధముతో ఒక వృత్తమును గీచినచో, తూర్పున గచ్చిబౌలిలో 1974లో నెలకొన్న హైదరాబాదు విశ్వవిద్యాలయము, దానికి చేరువనే 1998లో వెలసిన ట్రిపుల్ ఐటీ, ఉత్తరమున పటాన్‌చెరులో 1972 నుండి జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ పైరులను శోధించుచున్న ఇక్రిశాట్, వాయవ్యమున కంది గ్రామమునందలి ఐఐటీ ఇవి యన్నియు ఆ వృత్తములో ఇమిడిపోవును. ఈ సంస్థలలో పనిచేయు ఆచార్యులును, శాస్త్రజ్ఞులును, వారివద్ద చదివి ఐటీ కంపెనీలలో కుదురుకొన్న యువజనులును నేడు తెల్లాపూరు, నల్లగండ్ల, కొల్లూరు ప్రాంతముల బహుళాంతస్తుల భవనములలో ఇరుగుపొరుగువారై కాపురముండుచున్నారు. ఒకే లిఫ్టులో దిగివచ్చు నలుగురిలో ఒకరు కణజీవశాస్త్రమునను, ఒకరు బీజగణితమునను, ఒకరు వేరుశనగ తెగుళ్లయందును, ఒకరు మెషీన్ లెర్నింగునందును కృషిచేయువారై యుండుట ఇచ్చట వింత కాదు. ఈ నలుగురిలో ఎవరి కృషి గొప్పదని యడిగినచో, తడవుకొనకుండ సమాధానము చెప్పుటకు మన కాలము ఒక సాధనమును సిద్ధము చేసియుంచినది. వారు ఎన్ని పరిశోధనపత్రములు ప్రచురించిరి, ఆ పత్రములను ఇతరులు తమ పత్రములలో ఎన్నిమార్లు ఆధారముగా పేర్కొనిరి అను రెండు లెక్కలే ఆ సాధనము. ఇట్లు పేర్కొనుటను ఉల్లేఖన మందురు. పరిశోధకుల నోట అది సైటేషన్.

ప్రతి సంవత్సరము వానలు వెనుకపట్టు పట్టు వేళకు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ అయొనిడిస్ మొదలగువారు సిద్ధపరచు ప్రపంచ శాస్త్రజ్ఞుల జాబితా వెలువడుటయు, అందు తొలి రెండు శాతములో తమవారి పేర్లు చేరినవని మన విశ్వవిద్యాలయములు ప్రకటించుటయు, పత్రికలు ఛాయాచిత్రములతో ఆ వార్తను ప్రచురించుటయు ఆనవాయితీ అయినది. ఆ జాబితాను కూర్చినవారు అజాగ్రత్తపరులు కారు. శాస్త్రములను 22 రంగములుగా, 174 ఉపరంగములుగా విభజించి, సహరచయితల సంఖ్యను, పత్రముపై రచయిత పేరు మొదట నున్నదా, చివర నున్నదా అను విషయమును గూడ లెక్కలోనికి తెచ్చి, ఆరు సూచికలను కలిపి ఒక సంయుక్తాంకమును గట్టుచున్నారు. అయినను ఆ లెక్కకు ఆధారమైన ఉల్లేఖనలు 1996 నుండి వచ్చినవి మాత్రమే. అంతకు పూర్వమే పండి, తరువాతివారి పనిలో కలిసిపోయిన కృషికి అందు చోటు తక్కువ. శాస్త్రమున ఒక మనిషి కృషిని ఇట్టి అంకెలు ఎంతవరకు పట్టగలవు, ఎచ్చట జారవిడుచును అని తెలిసికొనుటకు దూరదేశముల ఉదాహరణలు వెదుకనక్కరలేదు. ట్రిపుల్ ఐటీ ప్రక్కగా విశ్వవిద్యాలయపు ఆవరణను ఆనుకొని సాగు రహదారికి ఎవరి పేరు పెట్టిరో, ఆ ఆవరణలోనే 2007లో ఎవరి పేర గణిత, గణాంక, కంప్యూటర్ విజ్ఞాన సంస్థ వెలసినదో, ఆ కల్యంపూడి రాధాకృష్ణరావుగారి చరిత్రయే మనకు చాలును.

రావుగారు 1920 సెప్టెంబరు 10న నాటి బళ్లారి జిల్లా హూవినహడగలిలో ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. ఎనిమిదవ సంతానమగుటచే దేవకీనందనుని స్మరించి రాధాకృష్ణుడని పేరిడిరి. తండ్రి పోలీసు ఉద్యోగి. బదిలీలతో కుటుంబము ఊళ్లు మారుచుండగా గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో ఆయన చదువు సాగినది. తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు కుమారుని నిద్రలేపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించి పెట్టెడివారని, తనలోని జ్ఞానతృష్ణకు ఆమెయే కారణమని రావుగారు తమ గ్రంథమొకదానిని ఆమెకు అంకితమిచ్చుచు తెలిపిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున ఎం.ఏ. పట్టము పొంది, యుద్ధకాలపు ఉద్యోగమునకై కలకత్తా వెళ్లి, వయస్సు చాలదని అచ్చట తిరస్కరింపబడి, బసలో తటస్థపడిన ఒక పరిచయము వలన మహలనోబిస్ స్థాపించిన భారతీయ గణాంక సంస్థను చూడబోయి, 1941 జనవరి 1న అందు శిక్షణార్థిగా చేరిరి. ఆ ఉద్యోగము దొరికియుండినచో గణాంకశాస్త్రము ఎట్లుండెడిదో ఊహింపజాలము.

1944లో ఆయన కలకత్తా విశ్వవిద్యాలయమున పాఠము చెప్పుచుండిరి. దత్తాంశములు అనంతముగా పెరిగినపుడు ఒక అంచనాలో మిగులు దోషమునకు ఫిషర్ పండితుడు చూపిన హద్దును వివరించుచుండగా, తరువాతి కాలమున ఆర్థికవేత్తగా ప్రసిద్ధి గాంచిన వి.ఎం. దాండేకర్ అను విద్యార్థి లేచి, పరిమితమైన దత్తాంశములకు గూడ అట్టి హద్దును ఏల నిరూపింపరాదని ప్రశ్నించెను. ఆ రాత్రియే రావుగారు దానికి పూనుకొని మరునాటికి నిరూపణమును సాధించిరి. 1945లో ‘కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్’లో, వయస్సు ఇంకను 25 ఏండ్ల చాయలనే యుండగా, సహరచయిత లేకుండ ఆయన ప్రకటించిన పదిపుటల పాటి వ్యాసము ఆ ప్రశ్నకు పుట్టినది. అందు మూడు విషయములున్నవి. ఆ మూడింటిలో ఏ ఒక్కటైనను ఒక మనుష్యుని జీవితకాలపు కీర్తికి చాలియుండెడిది.

మొదటిది నేడు క్రామేర్–రావు హద్దు అని పిలువబడునది. ఒక అజ్ఞాతరాశిని అంచనా కట్టుటకు ఎంత తెలివిగల నిష్పాక్షిక పద్ధతిని కనిపెట్టినను, ఆ అంచనా యొక్క విస్తృతి దత్తాంశములలోని సమాచారము నిర్ణయించు ఒక కనిష్ఠమునకు దిగువకు పోజాలదు. స్వీడను దేశీయుడైన హరాల్డ్ క్రామేర్ 1946 నాటి గ్రంథమున స్వతంత్రముగా దీనినే చెప్పెను. అంతకు ముందే ఫ్రాన్సులో ఫ్రెషే 1943లో దీనిని తాకియుండెను. రెండవది రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతము: ఎంత మొరటు అంచనానైనను, దత్తాంశముల సారమంతయు ఇమిడియున్న సంక్షిప్తరాశి నాధారము చేసికొని సగటు కట్టినచో అది మెరుగుపడునే కాని చెడిపోదు. అమెరికాలో డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లో దానిని తిరిగి కనుగొనెను. మూడవది, అన్నిటికంటె సాహసమైనది: సంభావ్యతా వితరణములను వక్రతలముపై బిందువులుగా భావించి, వాని నడుమ దూరమును కొలుచుటకు అవకలన జ్యామితిని ప్రయోగించుట. ఈ మూడవ భావమును అందుకొనుటకు లోకమునకు దశాబ్దములు పట్టినది.

ఈ వ్యాసము తరువాత ఎచ్చటెచ్చటికి పోయినదో చూచినపుడు కలుగు ఆశ్చర్యము ఇంతింత కాదు. రాడార్, సోనార్, జీపీఎస్ సంకేతముల నుండి దూరమును లెక్కించు యంత్రములను నిర్మించు ఇంజనీరునకు తన పద్ధతి ఎంత మంచిదో తెలియవలెనన్నచో, ఆమె మొదట క్రామేర్–రావు హద్దును లెక్కగట్టి, తన దోషము దానికి ఎంత చేరువకు వచ్చినదో పటము గీచి చూపును. క్వాంటమ్ భౌతికమున, 1960లలో హెల్‌స్ట్రోమ్ చేసిన విస్తరణము వలన, అత్యంత సూక్ష్మమైన కొలతల పరిమితులను చర్చించువారు దాని క్వాంటమ్ రూపమును నిత్యము వాడుచున్నారు. తనంత తాను త్రోవ వెదుకుకొను రోబో, తానెచ్చటనున్నదో, పరిసరముల పటమెట్టిదో ఏకకాలమున గ్రహించుటకు వాడు గణనపద్ధతులలో ప్రసిద్ధమైన ఒకదానికి రావు–బ్లాక్‌వెల్ పేరే గలదు. జ్యామితీయభావము జపానులో షునిచి అమారి చేతులలో ఒక శాస్త్రశాఖగా పెరిగి, 1998లో ఆయన ప్రతిపాదించిన ‘నేచురల్ గ్రేడియెంట్’ రూపమున కృత్రిమ నాడీజాలముల శిక్షణలోనికి ప్రవేశించినది. హైటెక్ సిటీలో నేడు ఆ విద్యనే జీవనాధారముగా గొన్న యువతీయువకులు వేలమంది గలరు.

ఇది ఒక్క వ్యాసపు సంగతి. 1946, 1947 సంవత్సరములలో ఆయన ప్రతిపాదించిన ఆర్థోగొనల్ ఎర్రేలు తక్కువ ప్రయోగములతో ఎక్కువ కారకములను పరీక్షించుటకు త్రోవ చూపగా, 1950లలో భారతీయ గణాంక సంస్థను దర్శించిన జపాను ఇంజనీరు గెనిచి టగూచి వానిని కర్మాగారముల నాణ్యతాసాధనములో ప్రచారమునకు తెచ్చెను. నేడు సాఫ్ట్‌వేర్ పరీక్షించువారు గూడ అన్ని అవకాశములను ఒక్కొక్కటిగా పరీక్షించు శ్రమ తప్పించుకొనుటకు వానినే ఆశ్రయించుచున్నారు. కేంబ్రిడ్జిలో సూడాను దేశపు జెబెల్ మోయా త్రవ్వకములలో దొరికిన ప్రాచీన మానవాస్థికలను కొలిచి వర్గీకరించు పని చేయుచునే ఫిషర్ వద్ద 1948లో డాక్టరేటు పొందిన రావుగారు, ఆ యేడే వెలువరించిన ఒక పరీక్షాపద్ధతికి స్కోర్ టెస్ట్ అని పేరు. దానినే 1959లో సిల్వీ మఱొక త్రోవన చేరగా, అర్థశాస్త్రజ్ఞులు దానిని లాగ్రాంజ్ మల్టిప్లయర్ పరీక్షగా పిలువసాగిరి. ఆర్థికశాస్త్రపు పత్రములలో ఆ పరీక్ష అడుగడుగున తగులుచునే యుండును, రావుగారి పేరు మాత్రము కానరాదు. లెక్కించు యంత్రమునకు పేరు కావలెను. పేరు మారినచో ఋణము మాసిపోవును.

నన్ను అన్నిటికంటె కదలించిన ఉదాహరణము 1982 నాటిది. ఒక సముదాయములోని భిన్నత్వమును కొలుచుటకు, అందలి జాతులు ఎన్నియో, ఏవి ఎంతెంత పాళ్లలో నున్నవో చూచిన చాలదనియు, అవి ఒకదానికొకటి ఎంత దూరపువో గూడ చూడవలెననియు చెప్పుచు, రావుగారు ‘థియరెటికల్ పాపులేషన్ బయాలజీ’ అను పత్రికలో ఒక కొలతను ప్రతిపాదించిరి. దానిని క్వాడ్రాటిక్ ఎంట్రోపీ అందురు. చాలకాలము దానిని పట్టించుకొన్నవారు స్వల్పము. ఇరువదియేండ్లు గడచిన పిదప, అడవులలో, గడ్డిభూములలో మొక్కల గుణభేదములను కొలువదలచిన జీవావరణశాస్త్రజ్ఞులకు సరిగా అదియే కావలసివచ్చి, నేడు ఆ శాస్త్రమున రావుగారి పేరు వినని విద్యార్థి అరుదు. ఆయనను గణాంకవేత్తగా ఎరుగకయే వారు ‘రావు సూచిక’ను లెక్కించుచున్నారు. ఒక పత్రిక ప్రతిష్ఠను దాని గడచిన రెండేండ్ల వ్యాసములకు ఆ యేట వచ్చిన ఉల్లేఖనల సగటుతో తూచునట్టి ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కు ఇట్టి విత్తనము కనుపించు ఉపాయమే లేదు. అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ప్రతిపాదించి 1964 నుండి వెలువరించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్, పరిశోధకుడు తన విషయమునకు సంబంధించిన వ్యాసములను వెదుకుకొనుటకు ఏర్పడిన సాధనము. త్రోవ చూపుటకు పుట్టిన సూచిక, రాను రాను మనుష్యులకు మార్కులు వేయు పరీక్షాధికారి పదవిని ఆక్రమించినది.

రంగమునకు రంగమునకు నడుమ భేదమును ఆ పరీక్షాధికారి గుర్తింపడు. హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించిన భౌతికశాస్త్రజ్ఞుడు హోర్హే హిర్ష్ తన వ్యాసములోనే ఈ సంగతి ఒప్పుకొనెను. గరిష్ఠముగా ఎన్ని పత్రములకు, ఒక్కొక్కదానికి కనీసము అన్నేసి ఉల్లేఖనలు వచ్చినవో ఆ సంఖ్యయే హెచ్. నాటి లెక్కలో భౌతికశాస్త్రజ్ఞులయందు అగ్రగణ్యుడైన ఎడ్వర్డ్ విటెన్‌కు 110 రాగా, జీవశాస్త్రమున సాలమన్ స్నైడర్‌కు 191 వచ్చినది. విటెన్ మేధ స్నైడర్ మేధలో సగమునకు కొంచెము మించినదని ఎవరును అర్థము చేసికొనరు గదా! జీవశాస్త్రమున పనిచేయువారి సంఖ్య పెద్దది, వారి వ్యాసముల చివరి ఆధారముల పట్టిక పొడవైనది, ఫలితములు శీఘ్రముగా వాడుకకు వచ్చును. గణితమున పాఠకులు కొలదిమంది, ఒక నిరూపణమును చదివి జీర్ణించుకొనుటకే సంవత్సరములు పట్టును. ఇక కణభౌతికమున 2015లో హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశిని ప్రకటించిన ఒక్క పత్రమునకు 5,154 మంది రచయితలు. 33 పుటలలో 24 పుటలు వారి పేర్లకును సంస్థలకునే సరిపోయినవి. ఈ మూడు రంగములవారిని ఒకే అంకెతో పోల్చుట, పట్టుచీరను బస్తాల లెక్కన, ధాన్యమును మూరల లెక్కన బేరమాడుట వంటిది.

ఇదే విషయమునకు మఱొక తెలుగుబిడ్డ జీవితము వేరొక వైపునుండి వెలుగు చూపును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన, రంగు గాఢతను బట్టి భాస్వరమును కొలుచు పద్ధతి, ప్రయోగశాలలలో తరతరములుగా వాడుకలో నిలిచి, విజ్ఞానచరిత్రలో మిక్కిలిగా ఉల్లేఖింపబడిన వ్యాసములలో నొకటైనది. కాని ఆయన జీవితపు మహత్కార్యము అదియొక్కటియే కాదు. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియేటిన్, ఏటీపీలను గుర్తించుట, లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లమును తయారుచేయుట, బోదకాలు వ్యాధికి డైఇథైల్ కార్బమజీన్ అను మందును వెలికితెచ్చుట, ఆరియోమైసిన్ అన్వేషణకు సారథ్యము వహించుట, ఇవి యన్నియు ఆయన ప్రత్యక్షముగా గాని, సహచరులను నడపి గాని సాధించినవి. 1948లో మరణించునాటికి పెక్కు వ్యాసములపై ఆయన పేరైన లేదు. ప్రపంచమున అందరికంటె ఎక్కువ ఉల్లేఖింపబడిన వ్యాసము గూడ ఇట్టి కొలతపద్ధతికి సంబంధించినదే. మాంసకృత్తులను కొలుచుటకు ఆలివర్ లౌరీ 1951లో చెప్పిన పద్ధతి 3 లక్షలకు మించిన ఉల్లేఖనలను సంపాదించినదని 2014లో ‘నేచర్’ పత్రిక లెక్కగట్టెను. పద్ధతికి ఉల్లేఖన లభించును. మందుకు రోగి కోలుకొనుట లభించును. రెండవదానిని ఏ సూచికయు లెక్కింపదు.

మఱొక చిక్కు గలదు. ఒక భావము పాఠ్యపుస్తకములలో చేరి అందరి సొత్తైన నాటి నుండి దాని మూలవ్యాసమును పేర్కొనుట మానుదురు. సమాజశాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ దీనిని గమనించి ప్రత్యేకముగా పేరుపెట్టెను. సంకేతశాస్త్రమున క్రామేర్–రావు హద్దును లెక్కించువారిలో అత్యధికులు తమ ఆధారముల పట్టికలో ఏదో యొక పాఠ్యగ్రంథమును చూపి ఊరకుందురు. 1945 నాటి కలకత్తా బులెటినును తెరచి చూచినవారు కొలదిమందియే. రావుగారి గ్రంథములలో 1965లో వెలువడి రష్యన్, జర్మన్, జపనీస్ మొదలగు భాషలలోనికి అనువదింపబడిన ‘లీనియర్ స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్’ వంటివి వేలకొలది ఉల్లేఖనలు పొందినవి. 1971లో సుజిత్‌కుమార్ మిత్రతో రచించిన సామాన్యీకృత విలోమ మాత్రికల గ్రంథము ఇంజనీరులకు నిఘంటువువలె ఉపకరించినది. ఆయన పత్రములు నాలుగువందలకు పైబడినవి. కాని ఆ నాలుగువందలును 1945 నాటి ఆ ఒక్క వ్యాసమునకు తులతూగవని నా అభిప్రాయము. ఎస్.ఆర్.ఎస్. వరదన్, కె.ఆర్. పార్థసారథి, వి.ఎస్. వరదరాజన్, ఆర్. రంగారావు ఈ నలుగురు గణితజ్ఞులును ఆయన మార్గదర్శకత్వమున కలకత్తాలో పట్టము పొందినవారే. వరదన్‌గారు 2007లో ఏబెల్ బహుమానము నందుకొనిరి. శిష్యులు గురువునకు ఎన్ని ఉల్లేఖనలతో సమానమో ఏ సూత్రము చెప్పగలదు?

ఈ విచారణ కేవలము పండితగోష్ఠికి పరిమితమైనది కాదు. 2010లో యూజీసీ ప్రవేశపెట్టిన ఏపీఐ మార్కుల పద్ధతి తరువాత, మన కళాశాలలలోని అధ్యాపకుల ఉద్యోగము, పదోన్నతి, జీతము పత్రముల సంఖ్యతోను, పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తోను ముడిపడినవి. పాఠములు చెప్పి అలసిన అధ్యాపకుని, ప్రయోగశాల గూడ సరిగా లేని కళాశాలలో, ఏటా ఇన్ని పత్రములు చూపుమని నిర్బంధించినపుడు, డబ్బు గుంజి ఏ పరిశీలనయు లేక అచ్చువేయు పత్రికలు పుట్టగొడుగులవలె వెలయుట అనివార్యము. హైదరాబాదు కేంద్రముగా వందలాది పత్రికలను నడపిన ఒక ప్రచురణ సంస్థ రచయితలను మోసగించినదని నిర్ణయించి, 2019లో అమెరికా ఫెడరల్ న్యాయస్థానము 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపవలసినదిగా తీర్పు చెప్పినది. సుబ్బారావు, రాధాకృష్ణరావులను కన్న జాతి పేరు అట్టి తీర్పులో వినవలసివచ్చుట బాధాకరము. ఆ బాధలో అధ్యాపకులపై నాకు కోపము లేదు. వారిని అట్టి అంగడికి నెట్టిన కొలబద్దపైననే.

2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైన సంపాదకులును శాస్త్రజ్ఞులును, పత్రిక యొక్క ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి వ్యక్తి యొక్క వ్యాసమునకు విలువ కట్టరాదని ప్రకటించిరి. 2015లో లైడెన్ ప్రకటన మఱింత వివరముగా, రంగభేదములను పాటింపవలెననియు, స్థానిక సమస్యలపైని పరిశోధనను చిన్నచూపు చూడరాదనియు సూత్రీకరించినది. తెలంగాణపు మెట్టభూములలో కంది ఎండుతెగులుపై ఒకరు చేయు పని అమెరికా పాఠకులకు పట్టకపోవచ్చును. జహీరాబాదు రైతునకు అది పంట.

కావున తెల్లాపూరు చుట్టునున్న మన విద్యాసంస్థల పెద్దలకు నేను చేయు విన్నపము చిన్నది. అంకెల పట్టికలను పారవేయుడని కోరను. అవి ఎవరిని చదువవలెనో సూచించు నంతవరకు ఉపయోగకరములే. ఉద్యోగమునకు వచ్చిన ప్రతి అభ్యర్థిని, తన కృషిలో మేలైనవని తాను భావించు మూడు వ్యాసములను ఇమ్మని కోరుడు. అవి ఏ పత్రికలో వెలువడినను సరే. వానిని ఆ శాస్త్రము తెలిసిన ఇద్దరు సభ్యులు ఆమూలాగ్రముగా చదివి, అందు ఏమున్నదో, ఏమి లేదో సంతకముతో వ్రాసి ఇయ్యవలెను. దీనికి ఒక్కొక్క అభ్యర్థికి రెండు దినములు పట్టవచ్చును; ముప్పదియేండ్లు పాఠము చెప్పబోవు మనిషిని ఎన్నుకొనుటకు ఆ రెండు దినములు ఎక్కువ కావు. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమానమును రావుగారికి ప్రకటించిన న్యాయనిర్ణేతలు చూపిన త్రోవయు ఇట్టిదే: 102 ఏండ్ల వృద్ధుని గౌరవించుచు వారు ముందుగా ఎత్తిచూపినది ఉల్లేఖనల మొత్తమును గాదు, 78 సంవత్సరముల క్రిందటి ఆ ఒక్క వ్యాసములో నున్నదానినే.